యుద్ధభూములలో ఒంటరి స్త్రీలు: ప్రవాస సంరక్షణాధికారులకు బహిరంగ లేఖ

భారత ప్రభుత్వ విదేశాంగ మంత్రిత్వశాఖలోని ప్రవాస సంరక్షణాధికారులకు వ్రాయు లేఖ.

ఆర్యులారా,

పదవ తరగతి దాటని స్త్రీ 30 ఏండ్లు నిండనిదైనచో, మీరు పట్టికలో చేర్చిన 18 దేశములలో దేనికిని పనికై వెళ్ళుటకు అనుమతి పొందజాలదని మీరు పెట్టిన నియమమును, ఆ నియమమును ప్రశ్నించినప్పుడెల్ల అది ఆమె క్షేమము కొరకే యని మీరు చెప్పు సమాధానమును నేను అంగీకరింపలేకున్నాను. ఆ పట్టికలో ఆఫ్ఘనిస్తాను కలదు. ఇరాకు, సిరియా, లెబనాను, లిబియా, యెమెను, సూడాను, దక్షిణ సూడాను కలవు. మా కడప సీమ పల్లెలకు పొరుగూరి వలె పరిచయమైపోయిన కువైటును కలదు. యుద్ధమున్న దిక్కునకు, యుద్ధము ఎప్పుడైనను రాగల దిక్కునకు స్త్రీ ఒంటరిగా పోరాదను మాట వినుటకు దయార్ద్రముగానే తోచును. కాని ఆ దయ వలన ఎందరు ఇంటిపట్టున నిలిచిరి, ఎందరు చాటుదారిన పోయిరి, పోయినవారు తుపాకుల నడుమ చిక్కువడిన నాడు వారి పేర్లను ఏ పుస్తకములో వెదకవలెను అను ప్రశ్నలకు మీ యొద్ద సమాధానమున్నదా?

మీరు కాదన్నంత మాత్రమున ప్రయాణములు ఆగలేదు. రాయచోటి, రాజంపేట పల్లెలలోను, కోనసీమలో రాజోలు ప్రాంతమునను, నరసాపురము చుట్టుపట్లను సబ్ ఏజెంటులు తిరుగుచుండుట మీకు తెలియని సంగతి కాదు. అప్పు తీర్చవలసిన తల్లియు, మగని త్రాగుడుతో విసిగిన యిల్లాలును, కూతురి పెండ్లి నాటికి నాలుగు కాసులు కూడబెట్టవలెనని తలచిన వితంతువును వారి మాట నమ్ముదురు. విజిట్ వీసా మీద పోవువారికి మీ అనుమతితో పనిలేదు. వీసాయు, తిరుగు టికెట్టును ఉన్న చాలును. దుబాయికో మస్కటుకో చుట్టపుచూపుగా పోవుచున్నట్లు కాగితములు సిద్ధపరచి, విమానాశ్రయమున తనిఖీ దాటించుటకు ‘పుషింగ్’ అని తమలో తాము పిలుచుకొను ఏర్పాటును గావించి, ఏజెంటు ఆమెను విమానమెక్కించును. అచ్చట దిగిన పిదప తన్ను ఏ దేశమునకు తరలింతురో, ఏ యింట దింపుదురో ఆమెకే తెలియదు. ఇక ఢిల్లీలో కూర్చున్న మీకెట్లు తెలియును?

ఇంతకన్న బాధాకరమైన సంగతి మరియొకటి కలదు. 1983 నాటి వలస చట్టపు 24వ సెక్షను, అనుమతి లేకుండ వలసపోవుటనే నేరముగా లెక్కించినది. అదే సెక్షను ప్రకారము అనుమతిపత్రము లేకుండ మనుష్యులను పంపు ఏజెంటునకు పడదగిన శిక్ష రెండేండ్ల కారాగారమును, 2,000 రూపాయల జరిమానాయును మించదు. ఒక్క స్త్రీని సాగనంపి ఆతడు పుచ్చుకొను సొమ్ములో 2,000 రూపాయలు ఎన్నవ వంతు? పంపినవాడు ఆ జరిమానాను లెక్కచేయడు; పోయినదానికి మాత్రము తానొక నేరస్థురాలనను భయము మనస్సులో నాటుకొనును. ఆ భయము చేతనే ఆమె రాయబార కార్యాలయపు గడప త్రొక్కదు, ఫోను చేయదు, పేరు నమోదు చేసికొనదు. మీ అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల బీమా కలదు. రెండేండ్లకు దాని ప్రీమియము 275 రూపాయలు. ఆపద ఎవరికి అధికమో ఆమెకే ఈ స్వల్పమైన రక్షణయు లేకుండ చేసినది మీ నియమము కాదా?

యుద్ధము వచ్చినప్పుడు ఒంటరి స్త్రీకి ఏమగునో స్థిమితముగా ఆలోచింపుడని కోరుచున్నాను. కట్టడపు పనికి పోయిన పురుషులు క్యాంపులలో పదులుగా, వందలుగా కలిసియుందురు. ఒకనికి తెలిసిన వార్త గడియలో అందరికి తెలియును. బస్సు ఎచ్చటికి వచ్చునో, ఏ అధికారి పేర్లు వ్రాసికొనుచున్నాడో ఎవడో ఒకడు కనుగొనివచ్చును. ఇంటిపనికి పోయిన స్త్రీకి ఆ తోడు లేదు. మా వారు ఖద్దామా అని పిలుచు ఆ పనికత్తె ఒక యింటిలో ఒక్కతెయే యుండును. పాస్‌పోర్టు యజమాని బీరువాలో నుండును. ఆమె నివసించు వీధి పేరు ఆమె చదువలేదు. సెలవు దినమున సైతము గడప దాటనీయని యిండ్లలో, పక్క మేడలో తన యూరి స్త్రీయే పనిచేయుచున్నను ఎరుకపడదు. తెల్లవారుజామున ఫిరంగి మ్రోతలు వినబడినప్పుడు అది యుద్ధమో, ఉత్సవమో చెప్పువారుండరు. యజమాని కుటుంబము సామానులు సర్దుకొనుట చూచిన తరువాతనే ఆమెకు సంగతి అర్థమగును.

ఇది నా ఊహ కాదు. 2024లో ఇజ్రాయెలు బాంబులు లెబనానుపై కురిసిన దినములలో, యజమానులు తమ ప్రాణములు దక్కించుకొని పారిపోవుచు, పనికత్తెలను కొందరిని వీధులలోను, కొందరిని ఖాళీ చేసిన యిండ్లలోను విడిచిపోవుచున్నారని ఐక్యరాజ్యసమితికి చెందిన వలసల సంస్థ ప్రకటించినది. వారు ఇథియోపియా, కెన్యా, శ్రీలంక, బంగ్లాదేశము మొదలగు దేశముల స్త్రీలు. నిర్వాసితులకై తెరచిన శరణాలయములలో సైతము చోటు దొరకక బేరూతు నగరపు బహిరంగ స్థలములలో పడియుండిరి. వారిలో మనవారు లేరని మీరు నిశ్చయముగా చెప్పగలరా? చెప్పవలెనన్నను, లెబనానుకు చాటుదారిన పోయిన మన స్త్రీల పట్టిక మీ యొద్ద ఉండవలెను గదా!

పేరు తెలిసినచో రక్షణ ఎంత త్వరితముగా సాధ్యమగునో నిరూపించినది మీ శాఖయే. 2014లో ఇరాకులోని తిక్రీతు నగరము ఉగ్రవాదుల వశమైనప్పుడు, అచ్చటి బోధనాసుపత్రిలో 46 మంది భారతీయ నర్సులు చిక్కువడిరి. దాదాపు అందరును కేరళమువారు. వారు యుద్ధము సంగతి తెలియక నిలిచినవారు కారు. నెలల తరబడి జీతములు రాలేదు. నర్సింగు చదువునకు, ప్రయాణమునకు చేసిన అప్పులు స్వగ్రామమున వడ్డీతో పెరుగుచున్నవి. వట్టి చేతులతో తిరిగివచ్చినచో ఆ అప్పు ఎవరు తీర్తురు? ఈ చిక్కును గుర్తింపక వారి సాహసమును నిందించినవారికి నేను చెప్పదగిన మాట లేదు. కాని ఆ నర్సులు ఎవరో, ఏ భవనమున ఎందరున్నారో, ఏ ఫోనులో పలుకుదురో ప్రభుత్వమునకు తెలియును. తిక్రీతు నుండి మోసులునకు బలవంతముగా తరలింపబడిన దినమున సైతము రాయబార కార్యాలయపు మాట వారికి అందుచునే యున్నది. జూలై 5వ తేదీన ఎర్బిలు నుండి బయలుదేరిన ప్రత్యేక విమానమున వారందరును కొచ్చికి క్షేమముగా చేరిరి. ఆనాడు దేశమంతయు మిమ్ము అభినందించినది, నేనును అభినందించితిని. అదే ఇరాకులో, అదే మాసమున, ఏ యింటి వంటగదిలోనో పేరులేక యున్న మన స్త్రీకి ఏ ఫోను మ్రోగినది?

1990 ఆగస్టు 2వ తేదీన సద్దాము సేనలు కువైటులో ప్రవేశించిన పిదప, బాస్రా, బాగ్దాదు మీదుగా ఎడారి దాటి జోర్డాను రాజధానియైన అమ్మానుకు చేరిన సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములలో స్వదేశమునకు చేర్చిన ఘనత మన దేశమునకు కలదు. 2015లో యెమెను నుండి 4,640 మంది భారతీయులను, వారితోపాటు 41 దేశములకు చెందిన 960 మందిని ఓడలలోను విమానములలోను తీసికొనివచ్చితిమి. సామర్థ్యము మీకు లేదని ఎవరనగలరు? కాని అదే సంవత్సరము సనాలోని మన రాయబార కార్యాలయము మూతపడి, సముద్రమునకు ఆవలి జిబూటీ నుండి పనిచేయవలసివచ్చినది. అట్టి చోట వెనుక మిగిలిన స్త్రీకి రాయబారి ఎచ్చట నున్నాడో తెలియుటయే ఒక తపస్సు. ఓడ రేవునకు వచ్చును. రేవు దాక రాగలవారిని మాత్రమే అది ఎక్కించుకొనును. తాళము వేసిన యింటి నుండి రేవు దాక స్త్రీని తెచ్చువారెవరు? ఆ మధ్య దూరమును గూర్చి మీ ప్రణాళికలలో ఎచ్చటనైనను ఒక పుట కలదా?

చదువుకొన్న పిల్లలను గూర్చి మీరు వయసు అడుగరు. ఉక్రెయిను వైద్య కళాశాలలకు ఆంధ్ర, తెలంగాణల నుండి పోయిన బాలికలెందరో! యుద్ధమునకు ముందే, 2022 జనవరిలో, కీవు నగరములోని మన రాయబార కార్యాలయము భారతీయులను తమ వివరములు నమోదు చేసికొనుడని కోరినది. మార్చి 2వ తేదీన ఖార్కివులో నున్నవారు బండ్లు దొరకనిచో కాలినడకననైనను సాయంకాలము 6 గంటలలోపల పెసోచిను, బబాయె, బెజ్‌ల్యుదోవ్కలకు చేరుకొనుడని ఉత్తరువు చేసినది. ఇరువదేండ్లు కూడ దాటని ఆడపిల్లలు ఫిరంగుల మ్రోత వినుచు, మంచులో సామాను మోయుచు నడిచిరి. ఆ నడక ఘోరమైనదే. రైళ్ళలో తమ్ము ఎక్కనీయలేదని వారిలో పలువురు చెప్పిన మాటలు విని ఇచ్చటి తల్లిదండ్రులు తల్లడిల్లిరి. ఐనను వారి పేర్లు తెలియును, ఫోను సంఖ్యలు తెలియును, ఏ హాస్టలులో నున్నారో తెలియును. కనుకనే వారు వచ్చిరి. 19 ఏండ్ల వైద్య విద్యార్థినిని నమోదు చేసికొని కాపాడినారు. 29 ఏండ్ల ఖద్దామాను నిషేధించి మరచినారు. ఈ యిద్దరు స్త్రీలలో ఒకతెకు లేనిది వయసా, లేక పదవ తరగతి కాగితమా?

ఇచ్చటనే మీ నియమపు అసలు స్వరూపము బయటపడును. పదవ తరగతి ఉత్తీర్ణురాలైన 22 ఏండ్ల యువతికి ఆ వయోనిషేధము వర్తింపదు. పదవ తరగతి లేని పురుషునకు 30 ఏండ్ల నియమము అసలే లేదు. చదువు లేకపోవుట, స్త్రీయై పుట్టుట అను రెండును ఒక్కచోట కలిసినప్పుడే నిషేధము. బడికి పంపని సమాజము ఒకసారి ఆమెను వంచించినది. బడికి పోనందుకు మీరు రెండవసారి ఆమెను శిక్షించుచున్నారు. స్వేచ్ఛగా విదేశమునకు పోవు హక్కు రాజ్యాంగములోని 21వ అధికరణము క్రింద రక్షింపబడిన వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పిన తీర్పు మీకు కంఠస్థమై యుండును. స్త్రీలపై వివక్షను నిర్మూలించు అంతర్జాతీయ ఒడంబడికను మన దేశము 1993లో ఆమోదించినది. ఆ ఒడంబడిక సంఘము 2008లో వలస స్త్రీ కార్మికులను గూర్చి వెలువరించిన 26వ సాధారణ సిఫారసులో, స్త్రీల వలసపై లింగభేదముతో కూడిన నిషేధములను, ఆంక్షలను తొలగింపుడని సభ్యదేశములను కోరినది. ఆ కోరిక మన దేశమునకు వర్తింపదని మీ అభిప్రాయమా?

పొరుగున నున్న నేపాలు 2012లో ఇట్టి నిషేధమునే విధించినది; 30 ఏండ్లలోపు స్త్రీలు గల్ఫు దేశములకు ఇంటిపనికై పోరాదన్నది. ఆ నిషేధపు ఫలితమును చూచుటకు మీరు కాఠ్మాండు దాక పోనక్కరలేదు. నేపాలు స్త్రీలు సరిహద్దు దాటి మన విమానాశ్రయముల మీదుగానే, దళారుల వెంట, ఎవరికి చెప్పక వెళ్ళిరి. వారి దేశము తన ద్వారము మూసినది. వారు మన ద్వారమున పోయిరి. మన ద్వారము మూసితిరి; మనవారు ఎవరి ద్వారమున పోవుచున్నారో విచారించితిరా?

మీ కష్టమును నేను తక్కువచేయను. పనియింట దెబ్బలు తిన్న స్త్రీల గాయములను, మంచమునకు అంటుకొనిపోయినవారి ఆర్తనాదములను రాయబార కార్యాలయములలోని అధికారులు నిత్యము చూచుచునే యున్నారు. అట్టి దృశ్యములు చూచిన సహృదయునకు అసలు పోకుండ ఆపుటయే మేలని తోచుట సహజము. 2016 నుండి అనుమతి అవసరమైన స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారా మాత్రమే పంపవలెనని మీరు నిర్ణయించుట, ఆ పనిని ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్‌నకు, తెలంగాణలో టామ్‌కామ్‌నకు అప్పగించుట సదుద్దేశముతో జరిగినదే. కాని సబ్ ఏజెంటు పల్లెలో గుమ్మము వద్దకు వచ్చును. ప్రభుత్వ సంస్థ నగరములో కార్యాలయమున కూర్చుండును. ఈ పోటీలో ఎవరు గెలుతురో చెప్పనక్కరలేదు. మరియు, నిజముగా తుపాకులు పేలుచున్న ప్రదేశమునకు ఎవరును పోరాదని నిషేధించు అధికారము మీకు కలదు. 2017లో యెమెను విషయమున దానిని వినియోగించితిరి. అట్టి నిషేధము స్థలమును, కాలమును బట్టి స్త్రీపురుషులకు సమానముగా వర్తించునది. దానిని నేను ఆక్షేపింపను. స్త్రీని మాత్రమే, అందును చదువు లేని స్త్రీని మాత్రమే, పదునెనిమిది దేశములకును కాలపరిమితి లేకుండ అడ్డగించుట వేరు.

నియమము కన్న నన్ను ఎక్కువ బాధించునది దాని వెనుకనున్న దృష్టి. స్వదేశమునకు తిరిగిపోవుటకు ఔట్‌పాసు కొరకు వచ్చిన స్త్రీని చూచి ఎందుకు వచ్చితివి, ఎవరు రమ్మనిరి, ఇంటనుండరాదా యని అడుగు స్వరమును తిరిగివచ్చినవారు మరచిపోరు. 2021 మే నెలలో ఇజ్రాయెలులోని అష్కెలోను నగరమున వృద్ధురాలిని సంరక్షించుచున్న కేరళ స్త్రీ రాకెట్టు దాడిలో మరణించినది. ఆమె అచ్చటికి పోయినది సరదాకు కాదు, తన కుటుంబమునకు తిండిపెట్టుటకు. ఆమె ఎందుకు పోయినదని అడుగుటకు మనకేమి హక్కు? మన పెద్దలకు ఇది తెలియని నీతి కాదు. నలుడు విడిచిన దమయంతి అడవులు దాటి, వర్తకుల బిడారు ఏనుగుల దాడిలో చెల్లాచెదరైన పిదప, చినిగిన వస్త్రముతో చేదిదేశపు రాజధాని చేరినప్పుడు, పిల్లలు వెంటబడుచున్న ఆ అపరిచితను మేడపై నుండి చూచిన రాజమాత మొదట దాదిని పంపి లోనికి పిలిపించినది. ఆమె కథ అడుగుట ఆ తరువాతనే జరిగినది. ప్రవాస సంరక్షకులు అను బిరుదు ధరించిన మీరు ఆ క్రమమును పాటింపగలరా?

అయ్యలారా, మేము కోరునది అసాధ్యమైనది కాదు. 30 ఏండ్ల నియమమును రద్దు చేయుడు. స్త్రీపురుషులకు ఒకే వయస్సును, ఒకే విధానమును నిర్ణయింపుడు. విజిట్ వీసా మీద పోయినను, చాటుదారిన పోయినను, తన పేరు నమోదు చేసికొన్న స్త్రీపై 24వ సెక్షను క్రింద ఏ చర్యయు ఉండదని తెలుగున, తమిళమున, మలయాళమున, హిందీలో బహిరంగముగా ప్రకటింపుడు. శిక్ష భయము తొలగిననే గాని ఆ పేర్లు మీకు చేరవు. ప్రమాదమున్న ప్రతి దేశపు రాయబార కార్యాలయమునందును రాత్రింబగళ్ళు తెలుగున మాటలాడు స్త్రీ ఉద్యోగిని ఒకరు ఫోను వద్ద నుండునట్లు చూడుడు. చదువురాని స్త్రీకి వెబ్‌సైటు ఫిర్యాదు పత్రము నింపుట చేతగాదు, మాట చాలును. ఆయా దేశముల ప్రభుత్వములతో ఒడంబడికలు చేసికొనునప్పుడు, యుద్ధము సంభవించిన గంటనుండి యజమాని పాస్‌పోర్టు అప్పగించి పనికత్తెను స్వేచ్ఛగా విడువవలెననియు, స్థానిక పోలీసులు తాళము వేసిన యిండ్లు తెరపింపవలెననియు వ్రాయించుడు. తరలింపు ప్రణాళికలో ఓడకును విమానమునకును ముందు, ఇంటి గుమ్మము నుండి రేవు వరకు ఎవరు ఏ బండిలో తెత్తురో వ్రాసియుండవలెను. 1983 చట్టమునకు బదులుగా కొత్త చట్టపు ముసాయిదాలు 2019లోను, 2021లోను ప్రజాభిప్రాయము కొరకు వెలువడినవి. చట్టములు మారునప్పుడు ఏజెంటు శిక్ష పెరిగి, వలసపోయిన స్త్రీపై నేరభారము పూర్తిగా తొలగవలెను. పల్లెలలో ఓమ్‌క్యాప్, టామ్‌కామ్ సంస్థల శాఖలు తెరచుటకు రెండు రాష్ట్రముల ప్రభుత్వములకు ధనసహాయము చేయుడు.

ఈ లేఖ చదువు తెలుగు పాఠకులారా, మీ యింటి నుండియో, మీ వీధి నుండియో గల్ఫు దేశములకు పోయిన స్త్రీ ఉన్నచో, ఆమె పూర్తి పేరును, పాస్‌పోర్టు సంఖ్యను, యజమాని యింటి చిరునామాను, పంపిన ఏజెంటు పేరును ఒక కాగితముపై వ్రాసి యింట భద్రపరచుడు. ఒక నకలు ఆ దేశమున మన రాయబార కార్యాలయమునకు పంపుడు. అధికారులు ఆ పని చేయువరకు అది మన బాధ్యత. అధికారులారా, ఆ కాగితములు మీ కార్యాలయమునకు చేరినప్పుడు ఆమె ఏ వీసాతో పోయినదని అడుగకుండ స్వీకరింపుడని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తెలుగుదేశపు ఒక పౌరుడు